బంగారు మూతి వైరు

హలో… ఆ, నేనేరా హన్మండ్లూ, మీ బాలరాజు బావనే. నా ఫోను ఇంకెవలెత్తుతరు?

… ఏంది? కామారెడ్డిల ఉన్నవా? టీవీ దుకాణంలనా!

… అరె, ఒక్క మాట చెప్పకుంట పోయినవు గదరా. తోడు వస్తుంటి గదా. మోటర్లకు వైండింగు చేసే బావ ఇంట్ల ఉండంగ, వైరు ముచ్చట తెలిసినోడు ఉండంగ, ఒక్కనివే పోతవా?

… ఆ… ఆ… మక్కజొన్నలు అమ్మిన పైసలు. మంచిది. ముప్పై రెండించులది. భేష్. మా ఇంట్లది గూడ గంతదే.

… ఇనవడ్తలేదా? ఆగు, జర పక్కకొస్త. ఈడ లొల్లి ఉన్నది. మా అవ్వ యాదవ్వ ఉన్నది, రాములవ్వ ఉన్నది, భూమక్క ఉన్నది. ఐతారం గదా, మధ్యాహ్నం సినిమా వస్తుంది. చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టుకుంట చూస్తుండ్రు. … రోజూ గింతే. వాడకట్టు మొత్తంల బొమ్మ సక్కగ వచ్చేది మా ఇంట్లనే అని అందరు ఈడికే వస్తరు.

… ఆ, ఇప్పుడు చెప్పు.

… డిష్ డబ్బాకెల్లి టీవీకి పెట్టే వైరు. ఆ. రెండు తీరులున్నయంటుండా సేటు? … ఒకటి నూటయాభై. ఒకటి రెండువేల నాలుగొందలు.

… హన్మండ్లూ, ఇది గూడ అడుగుతరా? కండ్లు మూసుకొని రెండువేల నాలుగొందలది తీస్కో.

… ఎందుకంటవేంది! నేను కొన్నది గదే. గదే దుకాణంల, గదే సేటు దగ్గర. ఎల్లారెడ్డి బాలరాజుకు బామ్మర్దినని చెప్పు ఆయనకు. యాదికుంటది. "గీ వైరు కొన్నోళ్లల్ల నువ్వే మొదటోనివి" అని నా చెయ్యి పట్టుకొని ఊపిండు.

… నవ్వకు.

… ఏమున్నదా దాంట్ల? ఒక్కటి చెప్త ఇను. పొద్దుగాల్ల లేస్తె నేను వైరుతోటే బతుకుత. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఏ బోరు మోటరు కాలినా నా దగ్గరికే వస్తది. రాగి తీగ చేతిల పట్టుకొని ఒక్కసారి ఊపితె చెప్త, ఇది ఎన్నేండ్లు ఉంటదో. దేంతోని చెప్త? బరువుతోని. రాగి అంటేనే బరువు. కిలో లెక్కన కొంటం, కిలో లెక్కన అమ్ముతం. తేల్కగున్నదంటె లోపల ఏం లేదన్నట్టు.

… ఇప్పుడు నువ్వొక పని చెయ్యి. రెండు చేతులల్ల రెండు వైర్లు పట్టుకో. … పట్టుకున్నవా? … కుడి చేతిలది ఏది? … ఆ. ఇప్పుడు ఏది బరువున్నది?

… "జర" బరువున్నదా? జర కాదురా. నీ చేతులకు ఎర్కలేదు. తరాజుల పెట్టు.

… టీవీ దుకాణంల తరాజు ఎందుకుంటదిరా! పక్కకు కిరాణం ఉన్నది చూడు. పప్పులు తూకమేసేటాయన. ఆయనకియ్యి. … సేటు ఇయ్యడా? వైరు పట్టుకొని ఉరుకుతవనా? అయితె సేటును గూడ తోల్కపో. నేను లైన్ల ఉంట.

… సిగ్గేందిరా? గన్ని పైసలు పెట్టేటోడు తూకం చూసుకోడా?

… ఆ… ఏమంటుండు కిరాణమాయన? … "దీన్ని ఉడకబెట్టుకుంటరా, ఏంచుకుంటరా" అంటుండా? నవ్వులాటలొద్దను. తూకమెయ్యుమను.

… ఎంతొచ్చింది? … చూసినవా! చూసినవా! నూటయాభైది ఎనభై గ్రాములు, మనది మూడొందల పది! … అట్టడబ్బాతోనా? డబ్బా తీయకుంట ఏసిండ్రా? … తీసి ఎయ్యుమను.

… రెండొందలు. … అయినా డబులు కంటె ఎక్కువే గదరా!

… ఇంకోటి. సేటును అడుగు, దాంట్ల ఆక్సిజన్ లేదని చెప్తడు. … ఆ, రాగిల ఆక్సిజన్ ఉండద్దట. … ఎందుకుండద్దో నాకేమెర్క? మనకైతె ఉండాలె, రాగికి ఉండద్దు. ఇరవై ఏండ్ల సంది రాగితోని ఉన్న, దాంట్ల గాలి ఉంటదని నాకే తెల్వకుండె.

… ఇంక దాని మూతి చూడు. టీవీల పెట్టే మూతి. మెరుస్తుందా? బంగారం. … పూతనేరా, పూతనే. గని బంగారమే గదా. నేనైతె తెచ్చిన్నాడు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి మరీ పెట్టిన టీవీకి.

… వైరుకేనా అంటవేంది? కొత్త మోటరుకు కొట్టమా? బండికి కొట్టమా? వైరేం పాపం చేసింది?

… ఆ… ఎవలొస్తుండ్రు? … మీ అత్తగారోళ్లు జుక్కల్ కెల్లి. మంగళారం. … ఇంకేంది మరి! వాళ్లు ఏం చూస్తరు టీవీల? … తెలుగు చూస్తరు, కన్నడం చూస్తరు, మరాఠీ చూస్తరు. హన్మండ్లూ, మూడు భాషలు! ఒక్క సన్న వైరులకెల్లి మూడు భాషలు ఎట్లొస్తయిరా? నీళ్ల పైపు తీరు ఆలోచన చెయ్యి. దొడ్డు వైరు ఉండాలె.

… సేటు గూడ నవ్వుతుండా? ఆయనకెందుకు నవ్వు? అమ్ముకునేటాయనకు!

… ఏంది? … అక్కకా? మీ అక్కతోని ఏం పని? … అక్కను అడిగి తీస్కుంటవా? వైరు సంగతి సునీలకేమెర్కరా!

… లేదు. … లేదంటె, ఇంట్లనే ఉన్నది. … వంటింట్ల ఉన్నది. చేతులు ఖాళీ లేవు, పిండి కలుపుతుంది. … మొన్న అడిగితె తానం చేస్తుందన్ననా? మొన్న తానం చేసింది. ఇయ్యాల పిండి కలుపుతుంది. మనిషన్నంక ఏదో ఒకటి చేస్తది గదా.

… అవతలి దినం నిద్రపోతుందన్ననా? … పొద్దుగాల పదింటికా? … ఆ.

… సరె. ఫోన్ చెవుకు దగ్గర పెట్టుకో, సేటుకు ఇనవడద్దు. … మీ అక్క నాతోని మాట్లాడ్తలేదు. … తొమ్మిది దినాలైతుంది.

… కొట్టలేదురా! ఏం మనిషివి! నేనా? మీ అక్కనా?

… వైరు కొన్నందుకు.

… ఆ పైసలు… ఆమెయి. … ఆరునెల్లు బీడీలు చుట్టి కూడవెట్టుకున్నది. పట్టగొలుసులకు. పాతయి తెగిపోయె గదా. బతుకమ్మ పండుగకు ఉత్త కాళ్లతోని ఆడనని చెప్పి, పైసలు నా చేతికిచ్చి కామారెడ్డికి తోలింది. … నేను ఎట్లైనా రాగి తీగ తెచ్చుకోను పోతుంటి.

… తెద్దామనే పోయినరా! వెండి దుకాణం ఎక్కడున్నదో ఎర్కనా? నువ్వు నిలవడ్డకాడికెల్లి ఎదురుంగ చూడు. … ఆ, గదే. గా దుకాణం మెట్టు మీద నా ఒక కాలు ఉన్నది. ఇటు మల్లి చూస్తె గీ వైరు పెట్టిన టీవీల చెరువు చూపెడ్తుండ్రు. చెరువులకెల్లి చేప ఎగిరింది. హన్మండ్లూ, చేప మీది నీళ్ల సుక్క గూడ కనవడ్డది. … నా రెండో కాలు ఇటొచ్చింది. మొదటి కాలు దాని ఎనుక వచ్చింది.

… తిట్టు. తిట్టురా. ఆమె తమ్మునివి, నువ్వు తిట్టకపోతె ఎవలు తిడ్తరు?

… మాట్లాడ్తదా అంటె, గోడతోని మాట్లాడ్తది. అన్నం నా ముందట పెట్టి, గోడకు మల్లి, "గోడా, కూర సల్లారుతుంది" అంటది. "గోడా, ఉప్పెక్కువైతె చెప్పు" అంటది. నేను మంచిగనే ఉన్నదంటె, "గోడ ఏమంటలేదు అత్తమ్మా" అని మా అవ్వకు చెప్తది. … తొమ్మిది దినాలు! నేను గూడ గోడ పక్కకే కూసుంటున్న, ఒక మాట జారి నా మీద పడ్తదేమోనని.

… గందుకే చెప్తున్న నీకు. నువ్వు గదే వైరు కొన్నవనుకో. "నా తమ్ముడు తెలివిగల్లోడు, వాడు గూడ గదే కొన్నడు, అంటె మా ఆయన చేసింది మరీ అంత తప్పు కాదు" అనుకుంటది. … అంటదిరా! నీ మాటంటె ఆమెకు ఎంత ఇలువ! నువ్వు చెప్తె ఇంటది. నీకు టీవీ మంచిగ వస్తది, నా పెండ్లాం నాతోని మాట్లాడ్తది. ఒక్క వైరుతోని రెండిండ్లు మంచిగైతయి.

… నీకు అబద్ధమెందుకాడ్తరా? ఫరక్ ఉన్నది. మస్తు ఫరక్ ఉన్నది. ఆగు, ఇప్పుడే టీవీ ముందటికి పోయి చెప్త. నీ కండ్ల ముందట పెడ్త.

… ఆ, ఇగో. హీరోయిన్ ఏడుస్తుంది. … ఎందుకో నాకెర్కలేదు, నడుమలకెల్లి చూస్తున్న. హన్మండ్లూ, ఎడమ కంటి నీళ్లు వేరే కనవడ్తున్నయి, కుడి కంటి నీళ్లు వేరే కనవడ్తున్నయి. మామూలు వైరుకు రెండు కలిసిపోతయి. … ఎనుక గోడకు మేకు ఉన్నది. మేకు నీడ గూడ కనవడ్తుంది.

… మేకుతోని ఏం పనా? పాత సినిమారా అది! ముప్పై ఏండ్ల సంది ఆ మేకు ఎవ్వలకు కనవడలే. నాకు కనవడ్డది.

… నా మాట నమ్మకు. ఈళ్లను అడుగుత. రాములవ్వా! ఓ రాములవ్వా! బొమ్మ ఎట్లుందే? … ఇన్నవారా? "నిన్నటికన్న ఇయ్యాల ఇంకింత మంచిగున్నది బిడ్డా" అంటుంది. రోజూ గదే మాట. రోజుకింత పెరుగుతుందట. … భూమక్కా, నువ్వు చెప్పు. … "అద్దం లెక్క" అన్నది. … మా అవ్వా? బీడీకి దారం కట్టుకుంట తల కిందికేసింది. భుజాలు ఊగుతున్నయి. తంబాకు ఘాటుకు తుమ్ము వస్తుందేమో.

… తీస్కుంటవా! శాబాష్ హన్మండ్లూ! మక్కలు అమ్మిన పైసలకు న్యాయం చేస్తున్నవు. 

… ఆ? … అసుంటి బరువు వైర్లు ఇంక రెండు కంపెనీలయి ఉన్నయా? … నాది ఏ కంపెనీది అంటె… యాదికి లేదు. దాని మూతి మీద రాసి ఉంటది. ఆగు, టీవీ ఎనుకకు పోయి చదివి చెప్త.

అవ్వా, జర జరుగు. … ఏం పని అంటవేంది? టీవీ ఎనుక పని. … ఇప్పుడేం వద్దా? ఎందుకొద్దు? భూమక్కా, చాట తీయి. … ఏంది అందరు ఒక్కటేసారి "పండు తిను బిడ్డా" అంటుండ్రు? తర్వాత తింట.

… ఆ, ఉన్నవా? ఎనుకకొచ్చిన. బూజున్నది. సక్కగ కనవడ్తలేదు, చేతితోని తడుముతున్న. … ఇగో డబ్బా. ఇగో వైరు. ఇగో మూతి. … నల్లగున్నది.

… దుమ్ము కాదు. తుడిచిన. నల్లగనే ఉన్నది.

… హన్మండ్లూ, తేల్కగున్నదిరా.

… ఏంలే. ఏంలే! ఒక్క నిమిషం. లైన్ల ఉండు. ఫోన్ జేబుల ఏసుకుంట.

అవ్వా! నా వైరేది? … నా వైరే! బంగారు మూతిది! ఈ నల్లది డిష్ డబ్బాతోని ఉత్తగ, పైస లేకుంట వచ్చింది గదా! దీన్ని నేను అటక మీద పారేస్తి! ఇది ఈడికెట్లొచ్చింది?

… సందూకలనా? ఏ సందూకల? … నీ సందూకలనా! నీ గుండ్లు, నీ కమ్మలతోని కలిపి! తాళమేసినవా! ఎందుకే?

… నేనన్ననా? ఎప్పుడన్న? … ఆ. అన్న. "దీని మూతికి బంగారమున్నదవ్వా" అన్న. నువ్వు కోపం చేస్తివి గదా, గందుకన్న.

… … బంగారాన్ని గోడకు ఏలాడదీయద్దా? సరె, ఏలాడదీయద్దు. గని అది వైరే అవ్వా! … టెంకాయ? … ఆ, కొట్టిన. … ఉత్త వైరుకు ఎవ్వలు టెంకాయ కొట్టరు, నిజమే. గని…

… ఆ. … ఆ. … కోడలి పైసలతోని వచ్చింది, కోడలి సొమ్మే. … నువ్వన్నది బరాబరే. … దాచిపెట్టినవు. మంచి పనే చేసినవు.

… ఎప్పుడు పీకినవు? … తెచ్చిన తెల్లారేనా! నేను మోటరు పట్టుకొని పోంగనే? అంటె ఎనిమిది దినాల సంది ఈ నల్లదేనా ఉన్నది! … ఎవలు పెట్టిండ్రు? … నువ్వే పెట్టినవా? … "అదెట్లున్నదో ఇదట్లనే పెట్టిన." ఇంత సులువుగ!

… రాములవ్వా, నీకెర్కనా? … భూమక్కా, నీకు గూడ! … చూసుకుంటనే ఉండిరి! మరి రోజూ "ఇంకింత మంచిగున్నది" అంటివి గదా? … అనకపోతె టీవీ బందు చేసి మల్ల రాగి కథ చెప్తననా? నేనెప్పుడు బందు చేసిన? … ఒక్కసారి. … సరె, మూడుసార్లు.

… ఇంకేంది? ఇంక ఉన్నదా? … రాజయ్య దగ్గరికా? అవుసల రాజయ్య దగ్గరికి, నగలు చేసేటాయన దగ్గరికి, నా వైరు తీస్కపోయినవా! … గీటురాయి మీద గీకిండా! … రెండు మూతులా? … ఒకటే. దేవుడా. ఏమన్నడు? … "ఇంత బంగారం నా అంగి మీది దుమ్ముల గూడ ఉంటది" అన్నడా. … ఆ. మరి అయినా ఎందుకు తాళమేసినవే? … "దుమ్మైనా కోడలిదే."

… సునీలా. నువ్వెప్పుడొచ్చినవు? … నీకు గూడ ఎర్కనా? … గోడకు చెప్పినా సరే, చెప్పు. … "గోడా, ఎర్కనే" అంటవా. సరె.

హలో… ఆ, ఉన్ననురా. … లొల్లా? ఏం లొల్లి లేదు, సినిమా సప్పుడు. కొట్లాట వచ్చింది. … పేరా? ఆ, పేరు దొర్కింది. ఇంగ్లీషుల ఉన్నది… జి తోని…

… బిల్లు రాస్తుండా సేటు? … ఆ, రాయనియ్యి. … జి తోనే మొదలైతది. … నడుమల ఎల్ ఉన్నది…

… హన్మండ్లూ. మీ అక్క వంటింటి గడపల నిలవడ్డది. చేతులకు పిండి ఉన్నది. నన్నే చూస్తుంది. గోడను కాదు.

… రాయొద్దను. … బిల్లురా! రాయొద్దను. సేటు చెయ్యి పట్టుకో.

… ఆ వైరు తీస్కోకు. నూటయాభైది తీస్కో. … అది గూడ ఆగు. డిష్ డబ్బా మొత్తం ఇప్పి ఎతుకు, అడుగున అట్ట కింద ఉత్తగ వచ్చింది ఏమన్న ఉంటదేమో. ఉంటె గదే పెట్టుకో.

… చెప్త. నవ్వద్దు. … ఎనిమిది దినాల సంది నా టీవీకి ఉన్నది ఉత్తగ వచ్చిన వైరేరా. … ఆ. బంగారు మూతిది మా అవ్వ సందూకల పెట్టి తాళమేసింది. … ఆ, కంటినీళ్లు గూడ. మేకు గూడ. మేకు నీడ గూడ. అన్ని ఉత్త వైరులకెల్లి వచ్చినయే.

… నవ్వు. నవ్వురా, మనసు నిండ నవ్వు. … సేటుకు చెప్పకు! … చెప్పినవా? … కిరాణమాయన గూడ ఇన్నడా? ఆయన ఇంక ఆడనే ఉన్నడా? మరి ఆయన దుకాణమెవలు చూస్తుండ్రు?

… తప్పేరా. తప్పు నాదే. మీ అక్క ఆరునెల్లు నడుములు ఇరగ కూసొని చుట్టింది. వేళ్లు కాయలు కాసినయి. గా పైసలు తీస్కపోయి టీవీ ఎనుక, ఎవ్వలకు కనవడని కాడ పెట్టిన. … ఎవ్వలు మోసం చెయ్యలేదు నన్ను. మంచిగ కనవడాలె అనుకున్న, కనవడ్డది. గంతే.

… ఇంత గట్టిగ ఎందుకు మాట్లాడ్తున్ననా? ఆమెకు ఇనవడాలె గదరా.

… ఆగు. పోయింది. … లోపలికి పోయింది. మా అవ్వ నడుముకున్న తాళంచెవి గుంజుకొని పోయింది. … సందూక తీసిన సప్పుడొస్తుంది. ఫోన్ పెట్టకు హన్మండ్లూ, భయమైతుంది. మొకాన కొడ్తదో ఏందో. రెండొందల గ్రాములు!

… వచ్చింది.

… హన్మండ్లూ… కాలికి కట్టుకున్నదిరా. … వైరు! కుడి కాలికి సుట్లు సుట్టి, రెండు మూతులు కలిపి బీడీల దారంతోని ముడేసుకున్నది. ముందటికి ఏలాడ్తున్నయి. ఒకటి మెరుస్తుంది, ఒకటి రాజయ్య గీకింది. … అట్లనే నడుస్తుంది, ఇల్లు నడుమల. టీవీకి అడ్డమొచ్చింది, ఒక్కలు గూడ జరుగు అంటలేరు. … రాములవ్వ సప్పట్లు కొడ్తుంది. భూమక్క లేచి బతుకమ్మ ఆడినట్టు చుట్టు తిరుగుతుంది. మా అవ్వ నవ్వుకుంట చాట బోర్లేసుకున్నది, ఆకంత కింద పడ్డది.

… ష్. ఆగు. ఏమో అంటుంది.

… ఏంది సునీలా?

… ఇన్నవా? ఇన్నవారా హన్మండ్లూ? "ఎట్లున్నయి నా పట్టగొలుసులు?" అన్నది. … నాతోని! గోడ ఆ పక్కకున్నది, నేను ఈ పక్కకున్న. ఇటు మొకం పెట్టి అన్నది!

… నేనేమన్ననా? ఇంక ఏమనలే. … సరె, సరె, అంట. … మంచిగున్నయి సునీలా. జర బరువున్నయి.

… నవ్విందిరా.

… ఇప్పుడిను. నువ్వు ఆడనే ఉండు. వెండి దుకాణం తెరిచే ఉన్నదా? … మూయద్దని చెప్పు, నేనొస్తున్న. … వద్దు. నువ్వు కొనద్దు. తమ్మునివి, కొంటవు, నాకెర్క. గని ఇది నేనే తేవాలె. … పైసలా? కాలిన మోటర్లల్లకెల్లి తీసిన రాగి ఉన్నదిరా నా దగ్గర, సంచి నిండ. ఏడాది సంది దాచిన.

… ఎందుకు దాచిననా? … అది అడగకు. … అడగకంటె ఇనవా? … టీవీకి సౌండు డబ్బాలు కొందామని. … ఐదు డబ్బాలయి. … తిట్టినవు గదా, అయిపోయింది, ఇంక అమ్ముత. కిలో లెక్కన పోతది. గిప్పుడన్న బరువు పనికొస్తది.

… కొలతా? ఆ, నిజమే, కొలత గావాలె. సునీలా, పాతదేమన్న ఉన్నదా కొలతకు? … లేదట. … ఏంది? … హన్మండ్లూ, మీ అక్క ఏమంటుందో ఎర్కనా? గీ వైరే తీస్కపొమ్మంటుంది. కాలికి ఒక్క సుట్టు ఎంతవరకొచ్చిందో ఆడ దారం ముడేసి ఇస్తుంది. "ఇది సాగదు, తెగదు, కొలతకు మంచిగ పనికొస్తది" అంటుంది. … వెండి దుకాణం సేటు నవ్వుతె నవ్వనియ్యి. గసుంటి కొలత కామారెడ్డి వెండి దుకాణానికి ఇప్పటిదాక ఎవ్వలు తేలేదు.

… మల్ల ఏం లొల్లి ఈడ? … భూమక్క ఆడుకుంట ఆడుకుంట నల్ల వైరు తన్నింది, ఊడింది, బొమ్మ పోయింది. ఆగు. … అరవకుండ్రి, పెడుతున్న! … పెట్టిన. వచ్చిందా? ఎట్లుంది రాములవ్వా బొమ్మ?

… అందరు ఒక్కటేసారి అన్నరు. ఇన్నవా? "నిన్నటికన్న ఇంకింత మంచిగున్నది బిడ్డా." … నేను గూడ నవ్వుతున్ననా? ఆ, నవ్వుతున్న.

… ఇగ పెడ్తరా. బస్సుకు ఆలిశమైతుంది, సంచి కట్టాలె. మీ అక్క గూడ పిలుస్తుంది. … నన్నేరా! పేరు పెట్టి పిలుస్తదా ఏంది? "ఇగో, ఇంటున్నవా" అంటుంది. తొమ్మిది దినాలైంది గా మాట ఇనక. … ఉంట మరి.

ఇంటున్న సునీలా, ఇంటున్న. చెప్పు—